మూడో కిటికీ అడగని ప్రశ్న

ఆ కాలేజీలో ఫిజిక్స్ అంటే ముగ్గురు అక్కచెల్లెళ్లు. కాగితాల మీద నూటొకటి, నూటరెండు, నూటమూడు అని ఉంటాయి గానీ ఆ అంకెలతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. పెద్ద ఫిజిక్స్, నడిపి ఫిజిక్స్, చిన్న ఫిజిక్స్, అంతే. పెద్దది లెక్కలు లేనిదే నోరు విప్పదు. ఇంజనీర్లు కావాలనుకునేవాళ్లూ, ఫిజిక్స్‌నే నమ్ముకుని బతుకుదామనుకునే పిచ్చివాళ్లూ దాని వెంట పడతారు. నడిపిది సర్దుకుపోయే రకం, నాలుగు సూత్రాలతో కాపురం వెళ్లదీస్తుంది. బళ్లో జీవశాస్త్రం చదివి డాక్టరీకి పోయేవాళ్లకి అది. చిన్నదానికి లెక్కలంటేనే గిట్టదు. నక్షత్రాలు ఎలా పుట్టాయి, ఆకాశం నీలంగా ఎందుకుంది అని కబుర్లు చెప్పి పంపించేస్తుంది. చరిత్రో సాహిత్యమో చదివేవాళ్లు, డిగ్రీలో ఒక సైన్సు ఉండి తీరాలి కాబట్టి, దాన్ని కట్టుకుంటారు.

ముగ్గురూ మంచివాళ్లే, కాదనను. తిరకాసు ఎక్కడుందంటే, పెద్దదాన్ని పట్టుకున్నవాడు తర్వాత ఎటైనా పోవచ్చు. చిన్నదాన్ని పట్టుకున్నవాడికి ఫిజిక్స్‌లో ఆ పైన మెట్టు లేదు. క్లాసులు మొదలైన మూడు వారాల్లోగా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారొచ్చు. ఆ తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా మారనివ్వరు. మీసం కూడా సరిగ్గా మొలవని వయసులో ఒక కాగితం మీద పెట్టే టిక్కు అది. దాని మీద ముద్ర పడిందంటే మనిషి దారి మారిపోతుంది.

ఆ ముద్ర కొట్టేది మూడో కిటికీ. ఆఫీసు హాల్లో వరసగా నాలుగు కిటికీలు, వాటికి అద్దాలు, అద్దాల అడుగున కాగితం పట్టేంత అర్ధచంద్రం కన్నం. మొదటి కిటికీలో మార్కుల జాబితాలు, రెండో దాంట్లో గుర్తింపు కార్డులు, నాలుగో దాంట్లో ఎప్పుడూ ఎవరూ ఉండరు. మూడో దాంట్లో ఇరవై ఒక్క ఏళ్లుగా ఒకే మనిషి. పిల్లలే కాదు, లెక్చరర్లు కూడా ఆమెను మూడో కిటికీ అనే అంటారు. "మూడో కిటికీ ఇవాళ రాలేదు" అంటారు, కిటికీ లేచి ఇంటికెళ్లిపోయినట్టు. ఆమె పట్టించుకోదు. ఆమె పట్టించుకునే సంగతి ఒక్కటే.

ఫిజిక్స్ ఫారం తెచ్చిన ప్రతి పిల్లనీ, ప్రతి పిల్లాణ్ణీ ఆమె ఆపి అడుగుతుంది. "కాల్క్యులస్ వచ్చా? కలన గణితం చదివావా? డిఫరెన్షియేషన్? అవకలనం? ఇంటిగ్రేషన్? సమాకలనం? వీటిలో ఏ ఒక్క మాట విన్నా చెప్పు, తొందరేం లేదు." వెనకాల వరస మూలుగుతుంది. ఎవడో ఒకడు "మేడం, బస్సు పోతుంది" అంటాడు. "ఇంకో బస్సు వస్తుంది. ఇంకో ఫారం రాదు" అని ఆమె మళ్లీ మొదటినుంచి అడుగుతుంది. ఫారంలో కాల్క్యులస్ చదివారా అన్నచోట లేదు అని టిక్కు పెట్టి, ఈ ప్రశ్నల జల్లెడలో పడి, అవును అని దిద్దుకున్నవాళ్లు ఏటా పది మందైనా ఉంటారు. ఇంత పట్టుదల ఎందుకని ఆఫీసులో ఎవరైనా అడిగితే "నా ఉద్యోగం" అనేది. అబద్ధం. అది పగ.

ఇరవై ఆరేళ్ల కిందట ఆమె ఇదే హాల్లో, కిటికీకి అవతలి పక్కన నిలబడింది. అప్పట్లో కోర్సులు ఇచ్చే బల్ల దగ్గర లెక్చరర్లే కూర్చునేవాళ్లు. ఫిజిక్స్ బల్ల దగ్గర నల్లటి మీసం, ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులతో ఒక సారు. ఆమె బడి చదువంతా మన భాషలోనే సాగింది. లెక్కల్లో బడి మొత్తానికీ మొదటిది. ఒంపు తిరిగిన గీత చూపిస్తే దాని వాలు ఎంతో, దాని కింద ఎంత చోటుందో కూర్చున్నచోటే కట్టి చెప్పేది. ఆ సారు తల ఎత్తకుండా ఇంగ్లీషులో "కాల్క్యులస్ వచ్చా?" అన్నాడు.

ఆ మాట ఆమె అంతకుముందు వినలేదు. అదేదో పట్నం పిల్లలు చదివే కొత్త పాఠం కాబోలు అనుకుంది. అబద్ధం ఆడటం తెలియని పిల్ల. "రాదు సార్" అంది. సారు చిన్నగా నవ్వి, నూటమూడు పక్కన టిక్కు పెట్టి, తరవాతి మనిషిని పిలిచాడు. మొత్తం కలిపి నిమిషం పట్టలేదు.

చిన్న ఫిజిక్స్‌లో మూడు వారాలు నక్షత్రాల కబుర్లు విన్నది. లెక్కలు రేపు వస్తాయి, ఎల్లుండి వస్తాయి అని ఎదురుచూసింది. నాలుగో వారం ఒకరోజు వరండాలో పోతూ పెద్ద ఫిజిక్స్ గదిలోకి తొంగి చూసింది. నల్లబల్ల నిండా అవకలనం. ఆమె నిద్రలో కూడా చేయగల లెక్కలు. తలుపు పక్కన చీటీ మీద ఇంగ్లీషులో కాల్క్యులస్ అని రాసి ఉంది. తను చదివిన కలన గణితాన్నే ఇంగ్లీషులో అలా పిలుస్తారని ఆమెకు అప్పుడు తెలిసింది. పరిగెత్తుకుంటూ వెళ్లి సారు గది ముందు నిలబడింది. "సార్, నాకది వచ్చు సార్. పేరే తెలియదు సార్." సారు పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు. "తేదీ అయిపోయి రెండు రోజులైంది. అడిగినప్పుడు రాదన్నావుగా. నీకిది చాలు, వెళ్లు" అన్నాడు.

నీకిది చాలు. ఆ మాట ఆమె చెవిలో దిగి అక్కడే కూర్చుండిపోయింది. నిజం చెప్పాలంటే కొన్నేళ్లు ఆమె ఆ మాటను నమ్మింది కూడా. తను అంతే కాబోలు, బడిలో మొదటి ర్యాంకు ఏదో గాలివాటం కాబోలు అనుకుంది. చరిత్రలో డిగ్రీ చేసింది, టైపు నేర్చుకుంది, పరీక్ష రాసి ఇదే కాలేజీలో గుమాస్తాగా చేరింది. చేరిన మొదటి నెలలోనే టైంటేబుల్ వేసే పని ఆమె చేతికొచ్చింది. అప్పుడు ఆమెకు తెలిసింది, గుమాస్తా అంటే చిన్న ఉద్యోగం కాదని.

ఆ ఏడు నుంచి ఆ సారుకి మధ్యాహ్నం భోజనం అవగానే మొదటి క్లాసు. పై అంతస్తులో పడమటి మూల గది. ఎండ నేరుగా మొహం మీద కొడుతుంది, పక్కనే వడ్రంగం షెడ్డు. వానాకాలం వస్తే కింద ఉన్న రేకుల గది, అది కారుతుంది. ఆయన సెలవు చీటీ పెడితే అది నాలుగు బల్లలు కాళ్లరిగేలా తిరిగి, అయిదో రోజున సంతకం కోసం ఆయన దగ్గరికే వెనక్కి వచ్చేది. జీతం చీటీలో ఆయన ఇంటిపేరు పదకొండేళ్లపాటు ఒక అక్షరం తప్పుగా పడింది. దిద్దమని ఆయన పదకొండు అర్జీలు పెట్టాడు. ఆయనకు ఎప్పుడూ అనుమానం రాలేదు. "ఈ భవనానికీ నాకూ పడదయ్యా" అని తోటివాళ్లతో నవ్వుతూ అనేవాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది. శిక్ష వేస్తున్నట్టు కూడా తెలియని మనిషికి ఎన్నని శిక్షలు వేస్తాం?

ఆమె భర్తది కళ్లజోళ్ల దుకాణం. ఇంటి ముందు గదిలోనే, కిటికీ పక్కన అద్దాలు అరగదీస్తూ కూర్చుంటాడు. నోట్లో నాలుక లేని మనిషి అంటారు గానీ, ఉంది, అవసరమైనప్పుడే తీస్తాడు. "ఆ పెద్దమనిషిని ఇరవై ఏళ్లు ఎండలో నిలబెట్టి ఏం బావుకున్నావు?" అన్నాడొకసారి.

"బావుకోడానికి చెయ్యట్లేదు" అంది.

"మరెందుకు?"

"చల్లారడానికి."

"చల్లారిందా?"

ఆమె కూర తరుగుతోంది. ఇంకో కాయ అందుకుంది.

రెండేళ్ల కిందట సారు రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో శాలువా కప్పారు. వేల మంది జీవితాలు తీర్చిదిద్దిన మహానుభావుడని ప్రిన్సిపాల్ పొగిడాడు. ఆ సభకు కుర్చీలు వేయించింది ఆమే. ఆయన కుర్చీకి ఒక కాలు పొట్టి. అది చూసి నవ్వుకుందామనుకుంది గానీ నవ్వు రాలేదు. మనిషి చేతికందకుండా దాటిపోతున్నాడు, ఒక్క మాటైనా అనిపించుకోకుండా, శాలువా కప్పుకుని.

ఈ ఏడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఫారాలన్నీ మన భాషలోనే ఉండాలట. కొత్త ఫిజిక్స్ ఫారం టైపు చేసింది ఆమే. కాల్క్యులస్ అన్నచోట కలన గణితం అని కొట్టి, పక్కన ఇంగ్లీషు మాట కూడా ఉంచుతానంది. పై అధికారి కుదరదన్నాడు, ఉత్తర్వంటే ఉత్తర్వే, పైగా ఒక పేజీలో పట్టాలి అన్నాడు. ఇప్పుడు వచ్చే పిల్లల్లో సగం మంది ఇంగ్లీషు బళ్ల వాళ్లు. కలన గణితం అన్న మాట చూసి ఒకడు కలల గణితం అని చదివి, అదేం సబ్జెక్టు మేడం అన్నాడు. ఆమె నవ్వింది గానీ వెన్నులో ఏదో పాకింది. రెండు వందల మందిని, ఒక్కొక్కళ్లని, రెండు భాషల్లోనూ, గొంతు బొంగురుపోయేదాకా అడిగింది. వాళ్లలో పదిహేడు మంది లేదు అని ఉన్నదాన్ని అవును అని దిద్దుకున్నారు.

రెండు వందల ఒకటో పిల్ల నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చింది. రెండు జడలు, సంచికి వేలాడుతున్న ప్లాస్టిక్ చంద్రుడు. కన్నంలోంచి ఫారం తోసి "ఆంటీ, ఇది చాలా, ఇంకేమైనా కావాలా?" అంది. ఆమె అలవాటుగా ఫారం మీద కళ్లు పరిగెత్తించింది. మొదటి కోరిక, పెద్ద ఫిజిక్స్. ఎందుకు చదవాలనుకుంటున్నారు అన్నచోట, నక్షత్రం లోపల ఏం జరుగుతుందో లెక్క కట్టి తెలుసుకోవాలని, అని గుండ్రటి అక్షరాలు. కలన గణితం చదివారా? లేదు, టిక్కు. వెనక గుచ్చిన మార్కుల జాబితాలో ఇంగ్లీషులో కాల్క్యులస్, తొంభై ఎనిమిది.

ఆమె నోరు తెరిచింది. ఆ క్షణాన కళ్లు ఇంటిపేరు మీద పడ్డాయి. ఆ ఇంటిపేరు ఆ చుట్టుపక్కల ఇంకొకరికి లేదు. పదకొండేళ్లపాటు తను ఒక అక్షరం తప్పుగా కొట్టిన ఇంటిపేరు. కింద సంరక్షకుడి గడిలో ఉంది, తాతయ్య, రిటైరైన ఫిజిక్స్ ప్రొఫెసర్ అని.

తెరిచిన నోరు మూసుకుంది. అడగడానికి అయిదు క్షణాలు చాలు. పిల్ల అమాయకంగా చూస్తోంది. వెనకాల ఇద్దరే ఉన్నారు, తొందర కూడా లేదు. లేదు అన్నవాళ్లు నేరుగా చిన్న ఫిజిక్స్‌కి పోతారు. అది నియమం. ఆమె ముద్ర తీసుకుంది, సిరా దిమ్మ మీద ఒత్తింది, కాగితం మీద కొట్టింది.

"చాలమ్మా" అంది. "ఇంకేం అక్కర్లేదు."

ఆ సాయంత్రం ఆమె మిఠాయి కొనుక్కుని ఇంటికెళ్లింది. ఎన్నేళ్ల తర్వాతో హాయిగా ఉంది. అబద్ధం ఆడలేదు, కాగితం దిద్దలేదు, ఒక ప్రశ్న అడగలేదంతే. ఆయన కూడా అంతే కదా చేసింది. భర్తకు చెప్పింది. ఆయన అరగదీస్తున్న అద్దం కింద పెట్టి ఆమె మొహంలోకి చూశాడు.

"ఆ పిల్ల ఏం చేసింది?" అన్నాడు.

"నేనేం చేశాను అప్పుడు?" అంది ఆమె.

"అదే అడుగుతున్నా."

"మిఠాయి తినండి" అని పొట్లం ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆయన తినలేదు. ఆమె మటుకు రెండు ముక్కలు తిన్నది, మూడోది కొరికి పక్కన పెట్టేసింది.

తర్వాత మూడు వారాలు ఆమె రోజులు లెక్కపెట్టింది. చిన్న ఫిజిక్స్ గది వరండా మీదుగా రోజూ ఏదో పని కల్పించుకుని నడిచింది. మొదటి వారం ఆ పిల్ల ముందు బెంచీలో కూర్చుని చెయ్యెత్తి ప్రశ్నలు అడుగుతోంది. రెండో వారం మధ్య బెంచీకి వెళ్లింది. మూడో వారం చివరి బెంచీలో, కిటికీలోంచి బయటికి చూస్తూ కనిపించింది. ఆమెకు అది సంతోషం కలిగించింది. కలిగించలేదని చెబితే అబద్ధమే. సంతోషం అడుగున ఇంకేదో ఉంది, దాన్ని ఆమె తొక్కిపెట్టింది. చివరి తేదీ దాటనీ, ఆయన మొహం చూశాక ఆలోచిద్దాం అనుకుంది.

ఆఖరి రోజు మూడు గంటలప్పుడు ఆయన వచ్చాడు. నాలుగింటికి కిటికీ మూస్తారు. మీసం తెల్లబడింది, మోకాలికి ఆపరేషన్ అయినట్టుంది, చేతికర్ర పట్టుకుని మనవరాలి భుజం మీద చెయ్యేసి వరసలో నిలబడ్డాడు. ఒకప్పుడు ఆ హాల్లోకి అడుగు పెడితే అందరూ పక్కకు తప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఒక్కడూ జరగలేదు. ఆమె చూసి కూడా చూడనట్టు, ముందున్న ముగ్గురి పనీ నింపాదిగా చేసింది. ఇరవై ఆరేళ్లు ఆగింది, ఇంకో పావుగంటకేం?

"అమ్మా, మా మనవరాలి ఫారంలో చిన్న పొరపాటు జరిగింది" అన్నాడు కన్నం దగ్గరికి వంగి. "నేను ఆస్పత్రిలో ఉంటే తనే నింపుకుంది. కలన గణితం అంటే కాల్క్యులస్ అని తెలియక లేదు అని పెట్టేసింది. నిన్న హాస్టల్లో ఎవరో నోట్సు చూపిస్తే సంగతి బయటపడింది. పెద్ద ఫిజిక్స్‌కి మార్చాలమ్మా."

ఈ క్షణాన్ని ఆమె బస్సులో, వంటింట్లో, టైపు మిషను ముందు ఎన్నిసార్లు ఊహించుకుందో. తల ఎత్తకుండానే అంది. "అడిగినప్పుడు లేదంది కదా సార్. ఈ అమ్మాయికి చిన్న ఫిజిక్స్ చాలు."

అని ఆయన మొహంలోకి చూసింది. అది వాడిపోవాలి. బతిమాలాలి. ఆయన బతిమాలలేదు. నిట్టూర్చి తల ఊపాడు. "నిజమేలే. తేదీ దాటకపోయినా, లేదు అని రాసినవాళ్లకి నియమం అలాగే ఉంది. నేనున్నప్పుడూ అలాగే చెప్పి పంపేవాణ్ణి." ఆ మాట ఆయనకు ఎక్కడా తగల్లేదు.

పక్కన పిల్ల ఆయన చొక్కా చెయ్యి లాగింది. "పోనీలే తాతయ్యా. నాకు అంత రాదేమోలే. మార్కులేవో బట్టీ పట్టి తెచ్చుకున్నానేమో. ఇదే చదువుతా."

ఆ మాటకు ఆమె చేతిలో ముద్ర బల్ల మీద పడింది. ఆ పిల్ల ఏడవటం లేదు. నిజంగా నమ్మి అంటోంది. మూడు వారాలు చాలాయి, అలా నమ్మడానికి.

ముసలాయన కర్ర గోడకు ఆనించి, రెండు చేతులతో మనవరాలి మొహం పట్టుకున్నాడు. "ఏం మాటలవి తల్లీ? మాట తెలియకపోతే చదువు రానట్టా? అడిగినవాళ్లకి అడగడం చేతకాకపోతే అది నీ తప్పెలా అవుతుంది?"

మూడో కిటికీ కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడింది. ఈ మాట ఆయనకు తెలుసు! తెలియక అనలేదు అనుకుంది ఇన్నాళ్లూ. రాతి మనిషి, అలాంటి మాట పుట్టదు అనుకుంది. పుడుతుంది. తన రక్తం కోసం ఇంత తియ్యగా పుడుతుంది. ఆ రోజు తలుపు దగ్గర ఒగరుస్తూ నిలబడ్డ పిల్లకి ఇందులో సగం ఇచ్చినా సరిపోయేది.

"సార్, ఆగండి" అంది. హాలంతా తిరిగి చూసింది. "మార్చాలంటే సంరక్షకుడి అర్జీ ఉండాలి. కారణం రాయాలి." తెల్లకాగితం కన్నంలోంచి తోసింది.

"అలాగేనమ్మా! ఏమని రాయను?"

"ఇప్పుడు ఈ అమ్మాయితో ఏమన్నారో అదే. పొల్లు పోకుండా."

ఆయన నిలబడే, గట్టు మీద కాగితం పెట్టుకుని రాశాడు. ఆమె చదివి వెనక్కి తోసింది. "పొరపాటు జరిగింది అని రాశారు. ఎవరి పొరపాటో రాయలేదు." ఆయన కొట్టేసి, అడిగినవారిదే పొరపాటు, అని రాశాడు. ఆ అడిగినవారు తనేనని ఆమెకు చదువుతున్నప్పుడే తెలిసింది. అయినా ఆగలేదు. ఫారంలో లేదు కొట్టేసి అవును పెట్టింది, నూటమూడు కొట్టేసి నూటొకటి వేసింది, ముద్ర కొట్టి పిల్ల చేతికిచ్చింది. గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

"చాలా సంతోషం అమ్మా" అని ముసలాయన కర్ర అందుకోబోయాడు.

"అయిపోలేదు సార్. ఇంకో కాగితం. అదే మాట రాయండి. విద్యార్థి పేరు నేను చెబుతాను." అని తన పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా.

ఆయన రాస్తూ రాస్తూ ఆగాడు. అద్దం మీద అతికించిన పేరు చూశాడు, కాగితం చూశాడు. "ఇది మీ పేరు కదమ్మా?"

అప్పుడు చెప్పింది. గొంతు తగ్గించలేదు. ఏ ఏడో, ఏ బల్లో, ఏ చొక్కానో, ఏం అడిగాడో, తనేం అందో, నాలుగో వారం గది ముందు ఏమని పంపేశాడో, అంతా. హాల్లో ఎవరూ బస్సు మాట ఎత్తలేదు. ఆయన కళ్లు చిట్లించి గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. పాపం, నిజంగానే ప్రయత్నించాడు.

"గుర్తు లేదమ్మా. ఏమనుకోకు. అలా చాలామంది వచ్చేవాళ్లు."

"ఎంతమంది?"

"ఏటా అయిదారుగురు ఉండేవాళ్లేమో. పేర్లు మటుకు ఎలా గుర్తుంటాయి?"

ఆమె గట్టు పట్టుకుంది. ఇన్నేళ్లూ ఆ గాయం తనొక్కదానిదే అనుకుంది. ఆయన తనను ఎంచి, చూసి, కొట్టాడనుకుంది. ఆయన చూడనే లేదు. ఏటా అయిదారుగురు. కాగితాల కట్ట మొత్తం తీసి కన్నంలోంచి నెట్టింది.

"అయితే వాళ్లందరికీ రాయండి. పేరు గుర్తులేనిచోట ఖాళీ వదలండి. సంతకం మటుకు పెట్టండి."

ముసలాయన నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి మానేశాడు. "పద తల్లీ, మన పని అయిపోయిందిగా" అన్నాడు మనవరాలితో. పిల్ల కదల్లేదు. ఫారం గుండెలకు హత్తుకుని, ఆయన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది.

"రాయి తాతయ్యా" అంది.

ఆయన బెంచీ మీద కూలబడి, కాగితాలు ఒళ్లో పెట్టుకుని, రాయడం మొదలుపెట్టాడు. ఆ దృశ్యం చూడటానికే ఆమె ఇన్నాళ్లూ బతికినట్టుంది. తృప్తిగా ఊపిరి పీల్చి, కూర్చోబోయింది. పిల్ల కిటికీ ముందునుంచి ఇంకా జరగలేదు.

"ఆంటీ, ఒకటి అడగనా? మా హాస్టల్లో ఎవరిని అడిగినా ఒకటే చెబుతున్నారు. మీరు అందర్నీ ఆపి, కాల్క్యులస్ అని, కలన గణితం అని, అన్ని పేర్లతో అడిగారట. నన్ను అడగలేదు."

"ఆ రోజు రద్దీగా..."

"నా వెనక ఇద్దరే ఉన్నారు."

అద్దం అవతల ఆ మొహంలో ఏడుపు లేదు, బెదురు లేదు. పళ్ల బిగువున అణచిపెట్టిన కోపం ఉంది. ఆ కోపాన్ని ఆమె ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది, ఇంట్లో మనిషిని గుర్తుపట్టినట్టు.

పిల్ల బెంచీ దగ్గరికి వెళ్లి, తాతయ్య ఒళ్లోని కట్టలోంచి ఒక తెల్లకాగితం లాగి, తెచ్చి, కన్నంలోంచి ఇవతలికి తోసింది.

"మీరూ రాయండి" అంది.

మూడో కిటికీ పెన్ను తీసుకుంది. రెండు మాటలు రాసింది. నాకు తెలుసు. తెలిసే అడగలేదు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, పిల్లకిచ్చింది.

పిల్ల అది రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. పరవాలేదు ఆంటీ అనలేదు.